ఉప్పునీటి అక్వేరియం సంపు: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

ఉప్పునీటి అక్వేరియం కింద, స్టాండు లోపల, బయటికి కనబడకుండా అమర్చే రెండో తొట్టి సంపు. పై ట్యాంకులో మిగులు నీరు పైపుల గుండా ఇందులోకి దిగుతుంది. ఇక్కడ వడపోత, నురుగు తీత, నాచు పెంపకం అయ్యాక మోటారు ఆ నీటిని తిరిగి పైకి ఎక్కిస్తుంది. మున్సిపాలిటీ కొళాయి నీళ్ళు పట్టి ఉంచుకోవడానికి ఈ ప్రాంతపు ఇళ్ళలో నేల కింద కట్టించుకునే సంపు వేరు, ఇది వేరు.

చేపలు బతకడానికి సంపు తప్పనిసరి కాదు. చిన్న ట్యాంకుకు వెనక తగిలించే ఫిల్టరుతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చేవారు ఉన్నారు. అయితే తిరుపతి, చిత్తూరు లాంటి చోట్ల లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. బోరు నీరు కఠినం. తిరుపతి నుంచి బంగాళాఖాతం సూటిగా కొలిస్తే సుమారు 85 కిలోమీటర్లు, చిత్తూరు నుంచి 130. ఇక్కడ సంపు ప్రధానంగా అదనపు నీటి నిల్వ. నీరు ఎంత ఎక్కువగా ఉంటే వేడి, ఉప్పు, మలినం అంత నెమ్మదిగా మారతాయి. అందుకే దాని కొలతలను దుకాణంలో సిద్ధంగా ఉన్న సైజును బట్టి తీసుకోవడం కన్నా, కరెంటు పోయిన నిమిషంలో ఏం జరుగుతుందో లెక్క వేసి తీసుకోవడం మేలు.

పుట్టుక

ఇంటి అక్వేరియంలోకి సంపు ఆలస్యంగా వచ్చింది, ఆలోచన మాత్రం పాతదే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో తెరిచిన అక్వేరియానికి విలియం ఆల్‌ఫర్డ్ లాయిడ్ నేల కింద ఒక చీకటి తొట్టి కట్టించాడు. పైన చూపరుల కోసం పెట్టిన ట్యాంకులన్నిటి నీరు కలిపినా దానికన్నా ఆ కింది తొట్టిలోనే కొన్ని రెట్లు ఎక్కువ నీరు పట్టేది. ఆవిరి యంత్రాలు నడిపే పంపులు దాన్ని రాత్రింబగళ్ళు తిప్పేవి. సముద్రం పక్కన లేని ఊళ్ళో సముద్రజీవులను ఎలా పెంచాలన్న ప్రశ్నకు అది ఒక గట్టి జవాబు. తిరుపతిలో ఇవాళ ఒకరు తన హాల్లో పెట్టుకునే అమరికకు మూలసూత్రం అదే.

మన వైపు సముద్రపు చేపలను అద్దం వెనక మొదట చూపించింది మద్రాసు మెరీనా అక్వేరియం. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో రూపుదిద్దుకుని, 1909లో జనానికి తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ అక్వేరియం మూతపడింది. సముద్రం ఎదురుగానే ఉంది కాబట్టి నీటి కొరత దానికి లేదు. లోతట్టు ఊళ్ళ బాధ వేరే.

ఇళ్ళ సంగతికొస్తే, 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవమున్న రాళ్ళు (జీవశిలలు), గాలి బుడగలు తప్ప మరే ఫిల్టరూ లేకుండా పగడాలను పెంచే పద్ధతిని రాసి ప్రకటించాడు. అందులో సంపుకు చోటే లేదు. 1986లో జార్జ్ స్మిట్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసాలతో ‘తడి-పొడి ఫిల్టరు’ ఇంటింటికీ చేరింది. ట్యాంకు నీరు కింది పెట్టెలోని ప్లాస్టిక్ బంతుల మీద చినుకులుగా పడుతుంది, గాలి తగిలే ఆ బంతుల మీద బాక్టీరియా పెరుగుతుంది. ఆ పెట్టే నేటి సంపుకు దగ్గరి పూర్వరూపం. బంతుల మీది బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా చకచకా మార్చేది, నైట్రేటును తీసేసే దారి మాత్రం దానికి లేదు. నెలలు గడిచేకొద్దీ నైట్రేటు పేరుకుపోయేది. బెర్లిన్ అభిరుచిపరులు, వారిలో ముఖ్యంగా డీట్రిచ్ ష్టూబర్, బంతులు వదిలేసి జీవశిలలనూ, నురుగు తీసే ప్రోటీన్ స్కిమ్మరునూ నమ్ముకున్నారు. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ నాచుతోనే నీరు శుభ్రం చేసి చూపించాడు. నేటి సంపులో ఒక గదిలో స్కిమ్మరు, పక్క గదిలో నాచు ఉండడం ఈ రెండు దారులూ కలిసిన ఫలితం. బంతులు ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో అమ్ముతున్నారు. ఉప్పునీటికి వాటిని కొనవలసిన అవసరం లేదు.

నీరు దిగే దారి

పై ట్యాంకు వెనక గోడకో మూలకో ఓవర్‌ఫ్లో బాక్సు ఉంటుంది. నీటిమట్టం దాని అంచు దాటగానే చెరువు మరవ పారినట్టు మిగులు నీరు లోపలికి దూకుతుంది. ఎప్పుడూ పైపొర నీరే దిగడం ఇందులోని లాభం. మేతలోని నూనె, మాంసకృత్తుల జిడ్డు నీటి మీద పొర కట్టి గాలి కలవకుండా అడ్డుకుంటాయి. ఆ పొరను ఓవర్‌ఫ్లో నిరంతరం లాగేస్తుంది. ఇంకో లాభం, పై ట్యాంకులో మట్టం ఎప్పుడూ ఒకేచోట నిలవడం. ఆవిరైన నీటి తరుగంతా సంపులోనే కనిపిస్తుంది.

బాక్సు నుంచి కిందికి వేసే పైపుల అమరికలు మూడు వాడుకలో ఉన్నాయి. పైన మూత, మూతకు చిన్న గాలి రంధ్రం ఉండే ఒంటి పైపు డర్సో. చేయడం తేలిక, గుటగుట చప్పుడు ఎక్కువ. రెండు పైపుల హెర్బీలో ఒకటి నిండుగా, గాలి లేకుండా సైఫనుగా పారుతుంది. దాని వాల్వు తిప్పి వేగం సరిచేస్తారు. రెండోది పొడిగా ఉండి, మొదటిది మూసుకుపోతే ఆదుకుంటుంది. మూడు పైపుల బీన్ యానిమల్ అన్నిటికన్నా నిశ్శబ్దం, భద్రమూ అదే. దానికి మూడు రంధ్రాలు కావాలి. పడకగది పక్క హాల్లో పెట్టేవారికి హెర్బీ సరిపోతుంది. ఇక్కడ బాల్ వాల్వు కన్నా గేట్ వాల్వు మంచిది, సన్నగా సరిచేయవచ్చు. ప్లంబింగ్ షాపులో గేట్ వాల్వు అడిగితే ముందు ఇత్తడిదే చేతికిస్తారు. అది తీసుకోకూడదు. ఇత్తడిలోని రాగి ఉప్పునీటిలో కరిగి రొయ్యలను, నత్తలను చంపుతుంది. ప్లాస్టిక్ వాల్వు, ప్లాస్టిక్ ట్యాంక్ నిపుల్, లోపల ఇత్తడి మరలు లేని కలుపులు మాత్రమే వాడాలి. జీఐ పైపులకూ ఇందులో చోటు లేదు.

ట్యాంకు అద్దానికి రంధ్రం వేయడం ఇష్టం లేనివారికి అంచు మీద తగిలించే సైఫన్ బాక్సులు దొరుకుతాయి. కరెంటు నిలకడగా ఉండే దేశాల్లో వాటితో గడిచిపోవచ్చు. ఇక్కడ మాత్రం అవి చేటు. కరెంటు పోయి వచ్చే మధ్యలో సైఫన్ తెగితే, మోటారు మళ్ళీ తిరిగినప్పుడు నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది, కిందికి దిగదు. తెల్లారేసరికి హాలంతా ఉప్పునీరు. రంధ్రం వేసే ముందు మాత్రం ఆ అద్దం టఫెన్డ్ కాదని తెలుసుకోవాలి. టఫెన్డ్ అద్దానికి డ్రిల్లు తగిలితే మొత్తం పొడి అవుతుంది.

కరెంటు పోయిన నిమిషం

ఉదాహరణకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు గల ట్యాంకు తీసుకుందాం. నాలుగు అడుగుల ట్యాంకని దుకాణాల్లో అడిగేది దాదాపు ఇదే. దీనిలో ఒక సెంటీమీటరు నీరంటే 5.4 లీటర్లు. మోటారు నడుస్తున్నంతసేపు నీరు ఓవర్‌ఫ్లో అంచుకు రెండు సెంటీమీటర్లు పైన నిలుస్తుందనుకుందాం. నీరు పైకి తెచ్చే పైపు మూతి ఉపరితలానికి మూడు సెంటీమీటర్ల లోతులో ఉందనుకుందాం. మోటారు ఆగగానే అంచు పైనున్న నీరంతా దిగుతుంది. అది చాలదన్నట్టు, తిరుగు పైపే సైఫనుగా మారి తన మూతి తేలేదాకా నీటిని వెనక్కి లాగుతుంది. మొత్తం మూడు సెంటీమీటర్లు, అంటే 16 లీటర్లకు పైన. పైపుల్లో, ఓవర్‌ఫ్లో బాక్సులో ఉన్నది మరో ఆరేడు లీటర్లు. అంటే ఒక్క నిమిషంలో సుమారు 23 లీటర్లు సంపు మీద పడతాయి.

ఇప్పుడు 60×30×35 సెంటీమీటర్ల చిన్న సంపులో 22 సెంటీమీటర్ల మట్టం నడుస్తోందని లెక్క వేస్తే, మిగిలిన 13 సెంటీమీటర్లలో పట్టేది 23.4 లీటర్లు. అంచుకు సరిగ్గా సరిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. స్కిమ్మరు, మోటారు, రాళ్ళు ఆక్రమించిన చోటు తీసేస్తే పొంగి బయటికి వస్తుంది. 75×40×40 సెంటీమీటర్ల సంపు అయితే 23 సెంటీమీటర్ల మట్టం మీద ఇంకా 51 లీటర్ల ఖాళీ ఉంటుంది. సామానుకు పోగా సగానికి సగం మిగులుతుంది. స్టాండులో పట్టినంత పెద్ద సంపు పెట్టమని అనుభవజ్ఞులు చెప్పడం వెనక ఉన్నది ఈ కూడిక, తీసివేతలే.

ఈ వెనక్కి వచ్చే నీటిని ఆపడానికి తిరుగు పైపుకు చెక్ వాల్వు వేయించుకుంటారు కొందరు. దాని రెక్క మీద ఉప్పు, నత్త గుల్ల, సున్నపు పొర పేరుకుంటే అది సరిగా మూసుకోదు. పైపు మూతిని ఉపరితలానికి దగ్గరగా పెట్టడం, నీటిమట్టానికి కాస్త కింద పైపుకు చిన్న గాలి రంధ్రం చేయడం నమ్మకమైన పని. ఆ రంధ్రాన్ని కూడా నాచు మూసేస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ పుల్లతో పొడవాలి.

దీనికి తిరగేసిన ప్రమాదం మరొకటి ఉంది. నత్తో, నాచు ముద్దో దిగే పైపుకు అడ్డం పడితే మోటారు తన గదిలోని నీటినంతా పైకి తోసేస్తుంది. 25×40 సెంటీమీటర్ల మోటారు గదిలో 15 సెంటీమీటర్ల నీరంటే 15 లీటర్లు. పై ట్యాంకులో అది మట్టాన్ని మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా పెంచుతుంది. పైన నాలుగు సెంటీమీటర్ల ఖాళీ వదిలితే నేల తడవదు. మోటారు గది చిన్నదిగా ఉండడం ఇక్కడ కలిసొస్తుంది, ఆవిరి విషయంలో మాత్రం అదే చిక్కు తెస్తుంది.

కొత్త సంపు వచ్చాక మొదట మంచినీళ్ళు నింపి, మోటారు నడిపి, స్విచ్ ఆపి ఈ రెండు పరీక్షలూ చేయాలి. ఆగినప్పుడు నీరు ఎంతవరకు ఎక్కిందో అక్కడ పర్మనెంట్ మార్కరుతో గీత గీయడం ఆనవాయితీ. ఆ తర్వాత ఎప్పుడూ నడిచే మట్టాన్ని ఆ లెక్కకు మించి పెంచకూడదు.

కరెంటు ఎక్కువసేపు రాకపోతే నేల తడవడం కన్నా ముఖ్యమైనది ఆక్సిజన్. ఇంటి ఇన్వర్టరుకు మోటారు ఒక్కటి కలిపినా సరిపోతుంది. స్కిమ్మరు, దీపాలు ఆగినా నష్టం లేదు. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఏసీ మోటార్లు గుయ్యిమని మోగి వేడెక్కుతాయి, సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. ఇన్వర్టరు లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు చేపల ప్రాణం కాపాడుతుంది. సంపు చుట్టూ తడి, ఉప్పు, వైర్లు ఒకేచోట ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు లేకుండా దీన్ని మొదలుపెట్టడం ప్రమాదం. ప్లగ్గుకు చేరేముందు ప్రతి వైరూ కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది.

గదులు

సంపును అద్దపు పలకలతో మూడు నాలుగు గదులుగా విడగొడతారు. నీరు దిగే మొదటి గదిలో గుడ్డ సంచి, అంటే ఫిల్టర్ సాక్ ఉంటుంది. 100 లేదా 200 మైక్రాన్ల సంచి చెత్తను పడుతుంది. మూడు నాలుగు రోజులకొకసారి ఉతకకపోతే పట్టిన చెత్త అందులోనే కుళ్ళి నైట్రేటు అవుతుంది. ఉతికే ఓపిక లేనివారు సంచి పెట్టకపోవడమే నయం.

తర్వాతి గది ప్రోటీన్ స్కిమ్మరుది. ఇది సన్నటి గాలి బుడగలను నీటిలో కలుపుతుంది, కరిగిన జిడ్డు బుడగలకు అంటుకుని నురుగుగా పైనున్న కప్పులోకి చేరుతుంది. మంచినీటిలో ఈ పని జరగదు, ఉప్పునీటిలో బుడగలు సన్నగా, ఒకదానితో ఒకటి కలవకుండా నిలవడం వల్లే సాధ్యం. స్కిమ్మరుకు నీటి లోతు స్థిరంగా ఉండాలి, చాలా రకాలకు 18 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య. అందుకే ఆ గది వెనక పలక ఎత్తును స్కిమ్మరు కొన్నాక, దాని కాగితంలో రాసిన లోతు చూసి కోయించాలి. ముందు సంపు కట్టించి తర్వాత స్కిమ్మరు కొంటే, కింద ప్లాస్టిక్ ముక్కలు పెట్టి ఎత్తు సర్దుకోవలసి వస్తుంది.

నాచు గదిని రెఫ్యూజియం అంటారు. కీటోమార్ఫా అనే పీచు లాంటి ఆకుపచ్చ నాచును రాత్రిపూట దీపం కింద పెంచి, గుప్పెడు గుప్పెడు తీసి పారేస్తే దానితోపాటు నైట్రేటు, ఫాస్ఫేటు బయటికి పోతాయి. పైన పగలు దీపం, కింద రాత్రి దీపం పెట్టడంలో ఒక ఉపాయం ఉంది: రాత్రి పడిపోయే పీహెచ్‌ను కింది నాచు కొంత నిలబెడుతుంది.

మోటారు గదికి ముందు మూడు పలకల బుడగ అడ్డం ఉంటుంది. నీరు మొదటి పలక మీదుగా, రెండోదాని కిందుగా, మూడోదాని మీదుగా వెళుతుంది. ఈ దారిలో బుడగలు తేలిపోతాయి. పలకల మధ్య అంగుళం వదిలితే చాలు. మరీ ఇరుకైతే నీటి వేగం పెరిగి బుడగలను లాక్కుపోతుంది. మోటారు విషయంలో అమ్మేవారు చెప్పే లీటర్లను నమ్మి మోసపోయేవారు ఎక్కువ. డబ్బా మీద గంటకు 3,000 లీటర్లని ఉన్నది నీటిని పైకి ఎత్తనప్పటి లెక్క. స్టాండు కింది నుంచి ట్యాంకు అంచు దాకా సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు, రెండు మూడు ఎల్బోలు దాటేసరికి సగం వస్తే గొప్ప. సంపు గుండా గంటకు ట్యాంకు నీటికి మూడు నుంచి అయిదు రెట్లు తిరిగితే చాలు. అంతకన్నా వేగం కావాలంటే పై ట్యాంకులోనే వేవ్ పంపు పెట్టుకోవాలి.

ఎండాకాలం, ఆవిరి

సముద్రపు చేపలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో మూసిన హాల్లో గాలే 35 దాటుతుంది. నీటిని చల్లబరిచే చిల్లరు పెడితే పని తేలిక, కరెంటు బిల్లు బరువు. పైగా చిల్లరు వదిలే వేడి స్టాండు లోపలే నిలిస్తే మళ్ళీ నీటిలోకే చేరుతుంది కాబట్టి దాన్ని బయట పెట్టాలి. చాలా ఇళ్ళకు అందుబాటులో ఉన్నది సంపు మీద చిన్న ఫ్యాను. ఒక లీటరు నీరు ఆవిరైనప్పుడు సుమారు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. 40 వాట్ల మోటారు రోజంతా తిరిగితే నీటిలోకి చేరే వేడి 0.96 యూనిట్లు. అంటే లీటరున్నర లోపు ఆవిరితో ఆ మోటారు వేడి తీరిపోతుంది. రాయలసీమ వేసవిలో గాలి పొడిగా ఉండడం ఇక్కడ వరం, ఫ్యాను బాగా పనిచేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో ఫ్యాను ప్రభావం తగ్గుతుంది, అప్పటికి ఎండా తగ్గి ఉంటుంది. మదనపల్లె లాంటి ఎత్తయిన ఊళ్ళో డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటరు కావాలి. దాన్ని నీరు తగ్గే మోటారు గదిలో కాక మట్టం మారని స్కిమ్మరు గదిలో పెట్టాలి.

ఆవిరిలో పోయేది మంచినీరు, ఉప్పు మిగిలిపోతుంది. 300 లీటర్ల వ్యవస్థలో రోజుకు నాలుగు లీటర్ల చొప్పున వారం రోజులు ఆవిరై, ఎవరూ నీరు పోయకపోతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 38.6కు చేరుతుంది. అంతకన్నా ముందే మరో ఆపద వస్తుంది. తరుగంతా మోటారు గదిలోనే కనిపిస్తుంది కదా, పై ఉదాహరణలోని గదిలో నాలుగు లీటర్లంటే రోజుకు నాలుగు సెంటీమీటర్లు. మేలో గంగ జాతరకని ఇంటిల్లిపాదీ సొంతూరికి వెళ్ళి నాలుగు రోజులు ఉండిపోతే, తిరిగొచ్చేసరికి మోటారు గాలి పీలుస్తూ కాలిపోయి ఉంటుంది. మట్టం తగ్గగానే చిన్న మోటారుతో మంచినీరు పోసే ఆటో టాప్ ఆఫ్ పరికరం ఈ ప్రాంతంలో స్కిమ్మరు కన్నా ముందు కొనవలసినది. దానికి 20 లీటర్ల క్యాను చాలు. ఆర్వో యంత్రం గొట్టాన్ని నేరుగా ఫ్లోట్ (తేలే బంతి) వాల్వుతో సంపుకు కలపడం మాత్రం వద్దు. వాల్వు ఇరుక్కుంటే క్యాను అయితే 20 లీటర్లతో ఆగుతుంది, గొట్టం ఆగదు. ఆ క్యానుకు మూత ఉండాలి. సంపులోని ఉప్పునీటిలో డెంగీ దోమ పెరగదు, పక్కనున్న మంచినీటి క్యానులో నిక్షేపంగా పెరుగుతుంది.

ఈశాన్యం మూల వాస్తుకు మంచిదని అక్వేరియం అక్కడ పెట్టించే ఇళ్ళు ఎక్కువ. ఆ మూలకు తూర్పు కిటికీ ఉంటే పొద్దుటి ఎండ తిన్నగా ట్యాంకు మీద పడి వేడి, నాచు రెండూ పెరుగుతాయి. తెర కట్టుకుంటే వాస్తూ నిలుస్తుంది, చేపలూ నిలుస్తాయి.

నీళ్ళు, ఉప్పు

తిరుపతికి కళ్యాణి డ్యాం నుంచి, కండలేరు మీదుగా వచ్చే తెలుగుగంగ నుంచి నీరు అందుతుంది. అది చాలనిచోట బోరు. వీటిలో ఏదీ నేరుగా పనికిరాదు. కొళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటిలో సున్నం, సిలికా, కొన్నిచోట్ల నైట్రేటు ఉంటాయి. రోజూ ఆవిరైన మేరకు అదే నీరు పోస్తే ఇవన్నీ సంపులో పేరుకుంటాయి. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ గుండా దాటించి, టీడీఎస్ మీటరులో సున్నా చూపే నీరు కావాలి. వీధి చివరి ప్లాంటు నుంచి వచ్చే ‘మినరల్ వాటర్’ క్యాను తాగడానికి బాగానే ఉంటుంది. రుచి కోసం అందులో కొన్ని ఖనిజాలు మిగులుస్తారు లేదా కలుపుతారు కాబట్టి ఇక్కడ మాత్రం సరిపోదు.

2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలోకి గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలు వచ్చాయి. దాంతో వాకాడు మండలంలోని తూపిలిపాలెం లాంటి తీరాలు జిల్లాకే చేరాయి. మరి అక్కడి నీరే తెచ్చుకుంటే? తీరపు నీటిలో బురద, సూక్ష్మజీవులు ఉంటాయి. పైగా తిరుపతి పక్కనే పారే స్వర్ణముఖి వాకాడు వైపే సముద్రంలో కలుస్తుంది. నవంబరు, డిసెంబరు వరదల్లో ఆ నీటి ఉప్పుదనం పడిపోతుంది. పులికాట్ సరస్సు నీరు అసలు వద్దు. అది వానాకాలంలో దాదాపు మంచినీరు, నడివేసవిలో సముద్రాన్ని మించిన ఉప్పు. రొయ్యల హేచరీల వాళ్ళు సైతం సముద్రపు నీటిని తేర్చి, వడకట్టి, క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్ పోయాకే వాడతారు. ఇంట్లో అంత పని కన్నా ప్యాకెట్టు ఉప్పు సులువు.

ఆ ఉప్పు కిరాణా కొట్టు కల్లుప్పు కాదు. వంట ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటి లీటరులో సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400కు పైగా మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఇవి లేని నీటిలో చేప కొన్నాళ్ళు ఈదినా, రొయ్య పొర విడవలేదు, రాళ్ళ మీద గులాబీ రంగు సున్నపు నాచు పట్టదు. మెరైన్ సాల్ట్ పేరుతో అమ్మేదే కొని, సాంద్రత 1.025 వచ్చేలా రిఫ్రాక్టోమీటరుతో చూసుకుంటూ కలపాలి.

కట్టించడమా, కొనడమా

సంపు అందం కోసం కాదు కాబట్టి ఊళ్ళోని గ్లాసు షాపులో కట్టించుకోవడమే ఎక్కువమందికి లాభం. 75×40×40 సెంటీమీటర్ల సంపుకు పలకలతో కలిపి సుమారు 18 చదరపు అడుగుల అద్దం పడుతుంది. ఆ ఎత్తుకు 6 ఎం.ఎం. సరిపోతుంది, 8 ఎం.ఎం. అయితే నిశ్చింత. లోపలి పలకలను గది వెడల్పు కన్నా మూడు మిల్లీమీటర్లు తక్కువ కోయించాలి. సరిగ్గా కోస్తే సిలికాన్‌కు చోటుండదు. సిలికాన్ కొనేటప్పుడు జాగ్రత్త. బాత్రూములకు వాడే బూజు పట్టని రకంలో చేపలకు విషమైన మందు కలిపి ఉంటుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే మామూలు అసిటిక్ రకం, అక్వేరియానికని రాసి ఉన్నది తీసుకోవాలి. అతికాక వారం ఆరనిచ్చి, ఆరుబయట చదును నేల మీద నీరు నింపి ఒక రోజు చూడాలి. ముందుగా ఏ గదిలో ఏ సామాను వస్తుందో అట్టముక్కలు ఆ సైజులో కోసి స్టాండులో పెట్టి చూసుకునేవారు అరుదు. చాలామంది స్కిమ్మరు కప్పు పైకి తీయడానికి చోటు లేదని సంపు దింపాకే గమనిస్తారు.

స్టాండు ఇనుముదైతే ఉప్పు చెమ్మకు తుప్పు పడుతుంది, పౌడర్ కోటింగు చేయించినా గీత పడ్డ చోట మొదలవుతుంది. ఇటుక గోడల మీద కడప బండ వేసి కట్టించిన స్టాండు మన ప్రాంతానికి తగినది. తుప్పు లేదు, బరువుకు ఢోకా లేదు. నీరు, అద్దం, రాళ్ళు కలిపి పై ఉదాహరణ 400 కిలోలు దాటుతుంది కాబట్టి బండ మీద అర అంగుళం థర్మోకోల్ పరిచి ట్యాంకు పెట్టాలి. పాత మిద్దె ఇళ్ళలో మేడ మీద ఈ బరువు వద్దు.

రెడీమేడ్ సంపులు చెన్నై, బెంగళూరు నుంచి వస్తాయి. అక్రిలిక్ తేలిక, రంధ్రం వేయడం సులువు, గీతలు త్వరగా పడతాయి. విదేశీ కంపెనీల ట్యాంకు, సంపు, స్టాండు కలిసిన సెట్లలో పైపుల అమరిక చక్కగా ఉంటుంది, ధర మాత్రం అదే కొలతల స్థానిక పనికి కొన్ని రెట్లు. వాటి సంపులో వెనక్కి వచ్చే నీటి లెక్క కంపెనీయే కట్టి ఉంటుంది. కొనేవారు డబ్బిచ్చేది నిజానికి ఆ లెక్కకే. మొదటి ప్రయత్నంగా మందపాటి ప్లాస్టిక్ టబ్బును సంపుగా వాడినా తప్పు లేదు. పలకలు అతకడం కుదరదు కాబట్టి బుడగలు కొంత పైకి వస్తాయి.

జీవశిలలు, చట్టం

సంపులో రాళ్ళు నింపేటప్పుడు చట్టం గుర్తుండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి పగడాలు ఉన్నాయి. దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు ఈ రక్షణలోకి వస్తాయి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాతా ఈ రక్షణ కొనసాగుతోంది. చనిపోయిన పగడపు రాయి ముక్క అమ్మినా, కొన్నా నేరమే. కాబట్టి మండపం, అండమాన్ రాళ్ళని ఎవరైనా తెచ్చిస్తామంటే ఆశపడకూడదు. సెరామిక్ దిమ్మెలు, ఫ్యాక్టరీలో చేసిన రంధ్రాల రాళ్ళు నాలుగు నుంచి ఆరు వారాల్లో బాక్టీరియా పట్టి అదే పని చేస్తాయి. చేపల్లోనూ సముద్రం నుంచి పట్టినవాటి కన్నా తొట్లలో పుట్టినవి గట్టివి. క్లౌన్ చేపలను గుడ్డు నుంచి పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో అభివృద్ధి చేసింది.

పాత సంపు కొనడం

అభిరుచి వదిలేసినవారి నుంచి పాత సంపు చవగ్గా దొరుకుతుంది. అద్దం మీది తెల్లటి సున్నపు పొర వెనిగర్ కలిపిన నీటితో ఒక రాత్రి నానబెడితే వదులుతుంది. సిలికాన్ అంచు గోటితో లేస్తుంటే మొత్తం కోసి మళ్ళీ అతికించాలి, పాత సిలికాన్ మీద కొత్తది పట్టదు. అన్నిటికన్నా ముందు అమ్మేవారిని అడగవలసింది, ఆ సంపులో ఎప్పుడైనా చేపల జబ్బుకు రాగి మందు వేశారా అని. వేసి ఉంటే ఆ రాగి సిలికాన్‌లో ఇంకి కొంచెం కొంచెంగా నీటిలోకి దిగవచ్చు. చేపలు తట్టుకుంటాయి, రొయ్యలు తట్టుకోవు. ఉప్పునీరు నింపి వారం ఉంచి రాగి పరీక్ష కిట్టుతో చూస్తే తెలిసిపోతుంది. రంగు కనిపిస్తే దాన్ని చేపలు మాత్రమే పెంచే ట్యాంకుకు వాడుకోవచ్చు, లేదా సిలికానంతా తీయించి అద్దాలను మళ్ళీ కట్టించుకోవచ్చు.